సెప్టెంబరులో మంచుబండ్లు

ఆలూ లేదు చూలూ లేదంటే ఇదే.
విస్కాన్సిన్‌లో చొక్కా ఇంకా వీపుకి అంటుకుంటూనే ఉంది,
మొక్కజొన్న కోతకి రాలేదు,
పశువుల పోటీలు జరిగే రేకుల షెడ్డులో మాత్రం
మంచుబండ్లు బారులు తీరాయి
ఆకుపచ్చ తివాచీ మీద
స్కీలు ముందుకి చాచుకుని,
కాలవకి నీళ్ళొదిలేదాకా ఒడ్డున ఆగిన పడవల్లా.

టిక్కెట్టు పన్నెండు డాలర్లు. ముంజేతి మీద గుడ్లగూబ ముద్ర.
నన్ను తీసుకొచ్చినవాడు ఆరిన్ హాగెన్,
మా ఆస్పత్రి బాయిలర్లు చూసినవాడు, రిటైరై నాలుగేళ్ళు,
మోకాళ్ళు రెండూ కొత్తవి.
"కొనడానికి కాదు, కూర్చోడానికి," అన్నాడు దారిలోనే.

కూర్చున్నాడు. ప్రతి బండి మీదా.
హ్యాండిల్ పట్టుకుని ఓసారి ఎడమకి ఒరిగి, ఓసారి కుడికి ఒరిగి,
లేని మలుపులన్నీ తిరిగి,
దిగేటప్పుడు మాత్రం నా భుజం అడిగాడు.
అమ్మే కుర్రాడు ధర చెప్పాడు.
ఆరిన్ టోపీ తీసి తల గోక్కుని,
"నా మొదటి ఇల్లు ఇంతకంటే చవక."

నేను ఫార్మసీలో రాత్రి డ్యూటీ మనిషిని.
మాత్రలు లెక్కపెట్టీ పెట్టీ
ఏ గుంపు కనిపించినా ఐదులుగా విడగొడతాను.
నల్ల బండ్లు ఐదు, పది, పదిహేను,
ఎర్రవి ఐదు, ఇంకో మూడు.

వెనక వరసలో పాత సామాను.
తెగిన బెల్టులు, తుప్పు పట్టిన స్ప్రింగులు, జత పోయిన గ్లవ్వులు,
మా ఇద్దరి మధ్యా ఎక్కడో పుట్టిన పసుపు హెల్మెట్టు.
ఆరిన్ దాన్ని తిరగేసి వాసన చూశాడు.
"పెట్రోలు, ఉన్ని, భయం."
నేనూ చూశాను. నాకు ఉన్ని ఒక్కటే దొరికింది.
ఐదు డాలర్లకి కొన్నాను.
ఎందుకో అడగొద్దు. నాకు మంచుబండి లేదు.

చీకటి పడుతుండగా షెడ్డు వెనక బంకమట్టి ట్రాక్ మీద
ట్యాంకరు నీళ్ళు చల్లి పోయింది.
తొలకరి వాసన కాదు,
కుమ్మరి సారె పక్కన కూర్చుంటే వచ్చే వాసన.

ఆరిన్ చెవుల్లోంచి రెండు మిషన్లూ తీసి
జేబులో వేసి గుండీ పెట్టాడు.
మరి వినపడదుగా అని సైగ చేశాను.
కాళ్ళ కింది చెక్కమెట్టు మీద బూటుతో తట్టాడు.
"ఇక్కణ్ణుంచి వింటా."

పచ్చ జెండా.
ఇరవై రెండు కార్లు ఒకేసారి గొంతు చించుకున్నాయి.
ప్రదక్షిణానికి ఎదురు తిరుగుడు, ఎప్పుడూ ఎడమకే,
ముక్కు లోపలికి, తోక బయటికి,
జారుతూ జారుతూనే ముందుకి.
జారడం చేత కూడా పని చేయించుకోవచ్చని
నాకెవరూ చెప్పలేదు.
గానుగెద్దు కూడా ఇలాగే తిరిగి తిరిగి
ఎక్కడికీ పోదు, నిజమే,
కానీ గానుగెద్దు కోసం ఎవరూ బెంచీలెక్కి అరవరు.

మూడో మలుపులో పందొమ్మిదో నంబరు,
స్కూలు బస్సు నడిపే డెనీస్ వోయ్‌చిక్,
గోడకి బంపరు రాసి, నిప్పులు రాల్చి,
అయినా కాలు తియ్యలేదు.
మట్టిగడ్డ ఒకటి కంచె దాటొచ్చి
సరిగ్గా నా జున్నుముక్కల పొట్లంలో పడింది.

మట్టి కరవడం అంటే ఓడిపోవడం అనుకునేదాన్ని.
ఆ రాత్రి అక్కడున్న అందరం కరిచాం.
పళ్ళ మధ్య కరకరమంటుంటే
పక్కావిడ నా మొహం చూసి నవ్వింది, నేను ఆవిడది చూసి.
డెనీస్ పదకొండో స్థానం.
ఎన్ని చుట్లయ్యాయంటే చెప్పలేను,
ఐదుల లెక్క ఏ మలుపులోనో జారిపోయింది.

ట్రక్కులో హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకున్నాను.
ముందున్న బండ్లు కదలడం లేదు.
ఆరిన్ చెవిమిషన్లు ఇంకా జేబులోనే ఉన్నాయి.
"మంచెప్పుడు పడుతుంది?" అన్నాను గట్టిగా.
తలుపు తీసి, ఒక బూటు కింద ఆనించి,
కాసేపు విన్నాడు.

"నవంబరు," అన్నాడు. "మూడో వారం."